పాత మందిరానికి కొత్త చేర్పు: కన్నెమరా గ్రంథాలయం చెప్పే పాఠాలు

ఆంధ్ర మహాభారతం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. 11వ శతాబ్దిలో నన్నయ అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం 142వ పద్యం దాకా రచించి ఆగిపోయాడు. 13వ శతాబ్దిలో తిక్కన ఆ ఖాళీ జోలికి పోలేదు. విరాటపర్వం నుంచి మొదలుపెట్టి తనదైన శైలిలో చివరిదాకా నడిపించాడు. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన నన్నయ ఆగినచోట అందుకుని, మొదట నన్నయ ధోరణిలో నడిచి, మెల్లగా తిక్కన ధోరణి వైపు మళ్ళి, అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేశాడు. తన పేరు చెప్పుకోవలసిన చోట రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి వినయం చూపాడు. పెద్దవారు కట్టిన దానికి చేర్పు చేయవలసి వచ్చినప్పుడు మన సాహిత్యం చూపిన దారులు ఈ రెండు. ఒకటి తిక్కన దారి, రెండవది ఎఱ్ఱన దారి.

నగరం నడిబొడ్డున ఉన్న పాత భవనానికి కొత్త భాగాన్ని చేర్చవలసి వచ్చినప్పుడు శిల్పి ముందు నిలిచే ప్రశ్న కూడా ఇదే. పాతదానిలో కలిసిపోయేటట్టు కట్టాలా, పక్కన నిలబడి వేరుగా కనిపించేటట్టు కట్టాలా? దీనికి తోడు మన కాలంలో మరో ప్రశ్న చేరింది. ఆ చేర్పు నీటికి, గాలికి, విద్యుత్తుకు, చెట్టుకు భారం కాకుండా ఎలా ఉండాలి? ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటేననీ, పాత భవనం బతికిన పద్ధతిని అర్థం చేసుకున్నవాడే దానికి మన్నికైన చేర్పు చేయగలడనీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మద్రాసు ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను. తెలుగునాటికి వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఒక పాత తెలుగు పుస్తకం కోసం ఆ మెట్లెక్కినవారే. ఇక ఎక్కబోయేవారూ ఉన్నారు.

చేర్పుల మీద చేర్పులు

పాంథియన్ రోడ్డు మీద ఇప్పుడు మ్యూజియం, గ్రంథాలయం, చిత్రశాల ఉన్న స్థలం 18వ శతాబ్ది చివరలో ఒక తోటబంగళా. 1793లో అది దొరల విందులకు, నృత్యాలకు ఏర్పడిన ఒక సంఘం చేతికి వచ్చింది. ‘పాంథియన్’ అన్న పేరు అప్పటిదే. 1821లో ఒక అర్మీనియన్ వర్తకుడు దాన్ని కొన్నాడు. 1830లో ప్రభుత్వం అతని దగ్గర తిరిగి కొన్నది. 1851లో వేరొకచోట మొదలైన ప్రభుత్వ మ్యూజియం 1854లో ఈ ఆవరణకు వచ్చింది. అంటే మ్యూజియం కోసం కొత్త భవనం కట్టి ప్రారంభించలేదు. విందుల కోసం కట్టినదాన్నే మార్చుకుని వాడుకున్నారు. ఉన్నదాన్ని పడగొట్టకుండా మరో పనికి మళ్ళించడం ఈ ఆవరణ చరిత్రలో మొదటి అధ్యాయం.

కృష్ణాతీరం నుంచి వచ్చిన అమరావతి శిల్పాలు కూడా ఈ ఆవరణలోనే ఉన్నాయి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు పంపిన పాలరాతి పలకల చరిత్ర మన విద్యార్థులు విడిగా చదవదగినది. ఇక్కడ చెప్పవలసినది ఒక్కటే. మ్యూజియం సేకరణలు పెరిగేకొద్దీ చోటు చాలలేదు. చోటు చాలనప్పుడల్లా ఒక చేర్పు వచ్చింది. అలా వచ్చిన చేర్పులలో ప్రసిద్ధమైనది గ్రంథాలయ మందిరం.

మద్రాసు గవర్నరు లార్డ్ కన్నెమరా 1890 మార్చి 22న దీనికి శంకుస్థాపన చేశాడు. 1896 డిసెంబరు 5న ఇది ప్రజలకు తెరుచుకుంది. శిల్పి హెన్రీ ఇర్విన్. ఎత్తయిన కమాను కప్పు, రంగుటద్దాల వెలుగు, టేకు బీరువాలు, గచ్చులో తీర్చిన ఆకులు, తీగలు – ఈ హాలులో కాసేపు కూర్చున్నవారు దాన్ని మరచిపోరు. అయితే ఆ రోజుల్లో కట్టినదంతా నిలిచిందని అనుకోరాదు. ఇర్విన్ ఈ సముదాయంలో భాగంగా లేపిన ఎత్తయిన గోపురాన్ని ప్రమాదకరమని కొద్దికాలానికే తొలగించవలసి వచ్చింది. పునాది మోయగలిగినదానికన్నా ఆడంబరం ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి ఆ గోపురమే సాక్షి.

కట్టినవారు ఎవరు

చరిత్ర పుస్తకాలలో శిల్పుల పేర్లు ఉంటాయి. కట్టినవారి పేర్లు అరుదుగా ఉంటాయి. కన్నెమరా మందిరాన్ని కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఇంటిపేరే చెబుతున్నట్టు ఆయన మద్రాసులో స్థిరపడిన తెలుగు కోమటి కుటుంబానికి చెందినవాడు. 1856లో పుట్టి 1925లో కన్నుమూసిన ఈయన చేతిమీదుగా లేచిన కట్టడాలను వరసగా చెప్పుకుంటే ఈనాటి చెన్నై నడిబొడ్డున ఒక చుట్టు చుట్టినట్టే. విక్టోరియా పబ్లిక్ హాలు, హైకోర్టు, లా కాలేజి, బ్యాంక్ ఆఫ్ మద్రాస్, విక్టోరియా స్మారక మందిరం – ఇవన్నీ ఆయన పనులే. చేట్‌పట్‌లో ఆయనకు సొంత ఇటుక బట్టీలు ఉండేవి. గణిత శాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ 1920లో తన చివరి రోజులు గడిపినది చేట్‌పట్‌లోని ఈయన ఇంట్లోనే.

1906లో శంకుస్థాపన జరిగి 1909లో పూర్తయిన విక్టోరియా స్మారక మందిరం కన్నెమరా పక్కనే ఉంది. తరువాతి కాలంలో అది జాతీయ చిత్రశాల అయింది. దాని ముఖభాగంలో కనిపించే గులాబి రంగు ఇసుకరాయి సత్యవేడు నుంచి వచ్చింది. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చేరిన సత్యవేడే అది. రాయి మన ఊరిది, కాంట్రాక్టు మనవాడిది. దూరం నుంచి తెచ్చిన పాలరాయి కాదు, దగ్గరలో దొరికిన రాయి; కొన్ని మైళ్ళ దూరంలో కాల్చిన ఇటుక. ఇప్పుడు పర్యావరణ శాస్త్రం పేరిట మనం నేర్చుకుంటున్న ‘దగ్గరలో దొరికేదాన్నే వాడాలి’ అన్న సూత్రం ఆ తరానికి మామూలు లెక్క. బండి కూలి మిగిలేది.

మద్రాసు భవనాలలో తెలుగువారి భాగం కాంట్రాక్టుతో ఆగలేదు. 1883లో విక్టోరియా పబ్లిక్ హాలుకు శంకుస్థాపన చేసినది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. ఆ హాలులోనే బళ్ళారికి చెందిన సరసవినోదినీ సభ ధర్మవరం కృష్ణమాచార్యుల నాయకత్వంలో తెలుగు నాటకాలాడింది. ఆ ప్రదర్శనలు చూసిన స్ఫూర్తితోనే పమ్మల్ సంబంధ ముదలియార్ 1891లో సుగుణవిలాస సభను స్థాపించాడు. బళ్ళారి తెలుగు నాటకం తమిళ రంగస్థలానికి ఊపునిచ్చిన చోటు ఆ హాలు. కనుక ఈ కట్టడాలను కాపాడడమంటే ఎవరో దొరల జ్ఞాపకాన్ని కాపాడడం కాదు. మన తాతల చెమటను, మన నాటకాన్ని, మన పుస్తకాన్ని కాపాడుకోవడం.

పాత గోడ ఎలా బతుకుతుంది

చేర్పు గురించి ఆలోచించేముందు పాత గోడ గుణం తెలుసుకోవాలి. కన్నెమరా కాలపు మద్రాసు భవనాలు ఇటుకతో, సున్నంతో కట్టినవి. గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నాన్ని మనవారు గానుగ సున్నం అన్నారు; తెలంగాణలో డంగు సున్నం అన్నారు. ఇటుక పొడి కలిపితే సుర్కీ. పైపూతకు ఆల్చిప్పల సున్నాన్ని వాడి, గాజులా మెరిసేదాకా నున్నగా రుద్దేవారు. మద్రాసు గచ్చు పేరుపొందినది ఇందుకే.

కప్పు సంగతి మరింత తెలుసుకోదగినది. మద్రాసు టెర్రస్ అని పిలిచే ఈ కప్పులో టేకు దూలాల మీద సన్నని చిన్న ఇటుకలను నిలువుగా, గోడకు ఏటవాలుగా సున్నంలో పేర్చేవారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర పోసి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, కూలి ఆడవారు వరసగా కూర్చుని రోజుల తరబడి చెక్క బద్దలతో కొట్టేవారు. ఆ పైన పలచని మట్టి పలకలు పరిచేవారు. ఇనుము లేదు, సిమెంటు లేదు. నీళ్ళు నిలవకుండా చూసుకుంటే, దూలానికి చెద పట్టకుండా చూసుకుంటే, ఈ కప్పు ఒక శతాబ్దం దాటి నిలుస్తుంది.

మందమైన గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అయితే మద్రాసు, యానాం, బరంపురం వంటి తీరప్రాంతాలలో ఒక చిక్కు ఉంది. బళ్ళారిలోలాగా రాత్రి చల్లబడదు. గాలిలో తేమ ఎక్కువ. కనుక గోడ మందం ఒక్కటే చాలదు, గాలి ఆడాలి. అందుకే ఎత్తయిన కప్పు, పైన వేడిగాలి పోయే వెంటిలేటర్లు, ఎదురెదురు కిటికీలు, ఎండను గోడదాకా రానివ్వని వరండా. మన మండువా లోగిలిలో పెద్దలు సాధించినది కూడా ఇదే. మధ్యనున్న ఖాళీ నుంచి వేడి పైకి పోతుంది, చుట్టూ ఉన్న వసారా నీడనిస్తుంది.

సున్నపు గోడకు మరో గుణం ఉంది. అది తేమను పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది. వాన కాలంలో నేల నుంచి పైకెక్కిన చెమ్మ ఎండలో గోడ ఉపరితలం నుంచి ఆవిరైపోతుంది. దీన్ని ‘ఊపిరి తీసే గోడ’ అనవచ్చు. ఆ గోడ మీద సిమెంటు పూస్తే ఊపిరి ఆగిపోతుంది. నేనెరిగిన ఒక పట్టణంలో మన తెలుగువారి పాత పఠనమందిరం ఒకటి ఉండేది. గోడలు పెచ్చులూడుతున్నాయని పెద్దలు చందాలు పోగుచేసి, ఎంతో శ్రద్ధతో సిమెంటు పూత వేయించారు. మొదటి సంవత్సరం అందరూ మెచ్చుకున్నారు. రెండవ వాన కాలానికి చెమ్మ బయటికి దారిలేక పైకెక్కింది. గోడ పైభాగాన ఉప్పు పూసింది. ఆ గోడకు ఆనించిన బీరువాలలో అట్టలు ఉబ్బాయి. చెదలు దారి చేసుకున్నాయి. పోయినవాటిలో మళ్ళీ దొరకని పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. తప్పు ఎవరి ఉద్దేశంలోనూ లేదు. గోడ గుణం తెలియకపోవడమే తప్పు. నేను ఈ వ్యాసం రాయడానికి ఆ బీరువాయే కారణమని చెప్పినా తప్పులేదు.

1973 నాటి చేర్పు

స్వాతంత్ర్యం తరువాత కన్నెమరా పాత్ర మారింది. 1948లో మద్రాసు రాష్ట్రం ప్రజా గ్రంథాలయాల చట్టం చేసింది. 1950లో కన్నెమరా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమయింది. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఇక్కడికి రావలసి ఉంది. తెలుగు పుస్తకాలు కూడా అందులో భాగమే. దొరల కాలంలో కొద్దిమంది కోసం కట్టిన హాలులోకి దేశమంతటి అచ్చు ప్రవాహం వచ్చి పడింది. చోటు చాలక తప్పదు.

అప్పుడు ఉన్న దారులు మూడు. పాత హాలును పడగొట్టి పెద్ద భవనం కట్టడం ఒకటి. పాత హాలు మీద అంతస్తులు లేపడం రెండవది. పక్కన మరో భవనం కట్టడం మూడవది. మొదటిది ఆ కాలంలో చాలాచోట్ల జరిగింది. రెండవది ప్రమాదం; సున్నపు గోడ తాను కట్టినప్పటి బరువుకు అలవాటుపడి ఉంటుంది, కొత్త బరువును సులభంగా మోయదు. కన్నెమరా పెద్దలు మూడవది ఎంచుకున్నారు. 1973లో మూడంతస్తుల కొత్త భవనం చేరింది. పాఠ్యపుస్తకాలు, పత్రికల హాలు, సంప్రదింపు గ్రంథాలు, భారతీయ భాషల పుస్తకాల విభాగం, అంధుల కోసం బ్రెయిలీ విభాగం కొత్త భవనంలో చోటు చేసుకున్నాయి.

దీనిలో గమనించవలసిన విజ్ఞత ఒకటుంది. రోజూ వందలమంది వచ్చిపోయే పనులన్నీ కొత్త భవనం మీద పడ్డాయి. పాత హాలు అరుదైన పాత గ్రంథాలకు నెలవై, తన ప్రశాంతతను నిలుపుకుంది. కొత్తది బరువు మోసింది, పాతది గౌరవం నిలుపుకుంది. కొత్త భవనం ఇర్విన్ కమానులను అనుకరించలేదు. తన కాలపు నిరాడంబరమైన రూపంలోనే నిలబడింది. ఇది తిక్కన దారి. దీని అందం గురించి అభిప్రాయ భేదాలుండవచ్చు. కానీ ఎక్కడ పాతది ముగిసిందో, ఎక్కడ కొత్తది మొదలయిందో చూసినవారెవరూ పొరబడరు. 1964లో వెనిస్ నగరంలో కూడిన నిపుణులు అంగీకరించిన పత్రం కూడా స్థూలంగా ఇదే చెబుతుంది. చేర్పు తన కాలపు ముద్రను దాచుకోరాదు. పాతదాని పొందికను, పరిసరాలతో దానికున్న సంబంధాన్ని చెడగొట్టరాదు.

ఒక లోటు మాత్రం ఆ తరం కట్టడాలన్నింటికీ సాధారణం. 1970లలో విద్యుత్తు, సిమెంటు, పంకా – వీటి మీద నమ్మకం ఎక్కువ. వరండా వృథా చోటనిపించింది. కప్పు ఎత్తు తగ్గింది. పలచని కాంక్రీటు కప్పు మధ్యాహ్నానికల్లా వేడెక్కి, రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతుంది. పాత భవనం పక్కనే నిలబడి, పాత భవనం నేర్పిన పాఠాన్ని వినకపోవడమంటే ఇదే. రూపాన్ని అనుకరించనక్కరలేదు, గుణాన్ని గ్రహించి ఉండవలసింది.

ఇతర ఉదాహరణలు

ఎఱ్ఱన దారికి ఉదాహరణ కన్నెమరాకు కొద్ది దూరంలోనే ఉంది. 1873లో మొదలై, 1900 నాటికి గడియారపు గోపురంతో పూర్తయిన మద్రాసు సెంట్రల్ స్టేషనుకు 1998లో ఒక చేర్పు వచ్చింది. పాత ఎర్ర భవనపు పోలికలోనే, అదే రంగులో దాన్ని కట్టారు. రోడ్డు మీద పోయేవారి కంటికి అది కుదురుగానే ఉంటుంది. అయితే ఈ దారిలో ఒక ప్రమాదముంది. ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని తాను పూరించిన సంగతి దాచలేదు. కట్టడాలలో అనుకరణ తేదీ చెప్పకపోతే, రెండు తరాల తరువాత అది ప్రక్షిప్తమవుతుంది. ఏది మూలం, ఏది చేర్పు అని తేల్చడం చరిత్ర విద్యార్థికి కష్టమవుతుంది. అనుకరించేవారు కనీసం ఒక శిలాఫలకం మీద సంవత్సరమైనా చెక్కించాలి.

ఏ దారీ తొక్కకపోతే ఏమవుతుందో కూడా ఆ చుట్టుపక్కలే చూడవచ్చు. సెంట్రల్ పక్కన 1900లో తెరిచిన మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతయింది. ఎందరో విద్యార్థులు పాత పుస్తకాలు కొనుక్కున్న చోటది. ఆ స్థలంలో ఇప్పుడు రైల్వే కట్టడం ఉంది. మౌంట్ రోడ్డు మీద 1897 నాటి భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెట్టారు. వారసత్వ పరిరక్షకులు న్యాయస్థానానికి వెళ్ళారు. 2010లో మద్రాసు హైకోర్టు తీర్పు ఆ కూల్చివేతను నిలిపింది. నగరంలోని వారసత్వ కట్టడాలన్నింటి రక్షణకూ ఆ తీర్పు ఆధారమయింది.

యానాం విద్యార్థులకు మరింత దగ్గరి ఉదాహరణ పుదుచ్చేరిలో ఉంది. ఫ్రెంచివారి కాలపు మేరీ భవనం, అంటే పురపాలక మందిరం, 2014 నవంబరులో వానలకు కూలిపోయింది. తరువాత అదే రూపంలో మళ్ళీ కట్టి 2021లో తెరిచారు. కొత్తది చక్కగానే ఉంది. కానీ కూలిన గోడ, కాలిన పుస్తకం తిరిగి రావు. సకాలంలో కప్పు మీది నీటి దారులు శుభ్రం చేయించడానికయ్యే ఖర్చు ఎంత, మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చు ఎంత?

కర్ణాటకలోని మనవారు బెంగుళూరు ప్యాలెస్ రోడ్డులో 2009లో తెరిచిన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలను చూడవచ్చు. మాణిక్యవేలు బంగళా అనే పాత భవనాన్ని బాగుచేసి, దానికి కొత్త ప్రదర్శన మందిరాన్ని చేర్చారు. ఆవరణలోని పెద్ద చెట్లను నిలిపి, వాటి మధ్య ఉన్న ఖాళీలోనే కట్టారు. కొత్తది బంగళాను మించి తలెత్తదు. దాని వేషమూ వేయదు. తిక్కన దారిలో ఇటీవలి కాలపు మంచి ప్రయత్నాలలో దీన్ని చేర్చవచ్చు.

చేర్పు చేసేవారు పాటించవలసినవి

పై ఉదాహరణల నుంచి కొన్ని సూత్రాలు తీయవచ్చు. వాస్తుశిల్పం చదివే విద్యార్థులకే కాదు, ఊళ్ళలో సంఘ భవనాల బాధ్యత మోస్తున్న పెద్దలకు కూడా ఇవి పనికివస్తాయి.

మొదటిది కొలత. ఒక ఇటుకైనా కదిపేముందు పాత భవనాన్ని గది గదికీ కొలిచి, గీసి, ఫొటోలు తీసి ఉంచాలి. ఏ గోడకు చెమ్మ ఉంది, ఏ కాలంలో ఏ కిటికీ నుంచి గాలి వస్తుంది, వాన నీరు ఎటు పోతుంది అన్నవి కనీసం ఒక సంవత్సరంపాటు గమనిస్తే మంచిది. ప్రతిని పరిష్కరించేముందు పాఠాంతరాలు సేకరించడం వంటిదే ఇది.

రెండవది పునాది. కొత్త కట్టడం నేలలోకి దిగే తీరు వేరు, ఎప్పుడో దిగి కుదురుకున్న పాత పునాది తీరు వేరు. రెంటినీ బిగించి కలిపితే కొద్దికాలానికి కలిపినచోట పగులు తప్పదు. మధ్య కొంత ఎడం ఉంచి, తేలికైన నడవాతో కలపడం క్షేమం. అవసరమైతే రేపు దాన్ని విప్పగలగాలి. పునాది గుంతలు తవ్వేటప్పుడు వచ్చే అదురు కూడా పాత గోడకు కీడే.

మూడవది బరువుల పంపకం. మరుగుదొడ్లు, నీటి తొట్లు, లిఫ్టు, విద్యుత్తు యంత్రాలు కొత్త భాగంలోనే ఉండాలి. చక్రాల కుర్చీ మీద వచ్చేవారికి వాలుదారి కూడా అక్కడి నుంచే పాత హాలులోకి చేరాలి. పాత గోడకు నీటి గొట్టం తగిలించకపోవడం ఎంతో మేలు. సౌరఫలకాలు పెట్టాలనుకుంటే కొత్త కప్పు మీద పెట్టవచ్చు. మద్రాసు టెర్రస్‌ను తొలిచి బిగించనక్కరలేదు.

నాలుగవది నీరు. తమిళనాడు 2003లో వాన నీటిని నేలకు ఇంకించే ఏర్పాటును భవనాలన్నింటికీ తప్పనిసరి చేసింది. పాత భవనం దగ్గర ఈ ఇంకుడు గుంత గోడకు ఆనుకుని ఉండరాదు. నీరు భూమిలోకి పోవాలి గాని గోడలోకి కాదు.

ఐదవది పుస్తకాలున్నచోట ప్రత్యేక శ్రద్ధ. కాగితానికి వేడి కన్నా వేడి, తేమ మాటిమాటికీ మారడం ఎక్కువ కీడు చేస్తుంది. పగలు శీతల యంత్రం పెట్టి రాత్రి ఆపేస్తే, చల్లబడ్డ అట్టల మీదికి తేమగాలి చేరి బూజు పడుతుంది. నడిపితే రాత్రింబగళ్ళు నడపగలగాలి. లేకపోతే నీడ, గాలి, గోడకు జానెడు దూరంలో నిలిపిన బీరువా – ఇవే మేలు.

ఆరవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, పడగొట్టకపోవడం. ఇటుక కాల్చడానికి ఒకసారి కట్టెలు ఖర్చయ్యాయి. ఆ ఖర్చు గోడలో నిలిచి ఉంది. పడగొడితే ఆ ఖర్చంతా వృథా, మళ్ళీ కట్టడానికి కొత్త ఖర్చు. సిమెంటు తయారీలో ఇంధనం మండడమే కాక సున్నపురాయి నుంచి కూడా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల వెలువడే ఆ వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు వల్లనే అని లెక్క. సున్నం కాల్చినప్పుడు కూడా ఆ వాయువు వస్తుంది. కానీ గోడలో చేరిన తరువాత సున్నం గాలి నుంచి దానిలో కొంత తిరిగి పీల్చుకుంటూ గట్టిపడుతుంది. కనుక నిలిచి ఉన్న పాత గోడకన్నా పర్యావరణానికి తక్కువ భారమైన కొత్త గోడ సాధారణంగా దొరకదు.

ముగింపు

సుస్థిరత అన్న మాట కొత్తది. దాని అర్థం మాత్రం మన తాతలు ‘మన్నిక’ అన్న ఒక్క మాటలో ఇమిడ్చారు. వస్తువు మన్నాలి, దాన్ని వాడే మనిషీ మన్నాలి. కన్నెమరా ఆవరణలో తోటబంగళా మ్యూజియమయింది. మ్యూజియానికి గ్రంథాలయం చేరింది. గ్రంథాలయానికి కొత్త భవనం చేరింది. రేపు మరో చేర్పు అవసరమవుతుంది. పుస్తకాలు పెరగక మానవు. అప్పుడు శిల్పి తిక్కన దారి పట్టినా, ఎఱ్ఱన దారి పట్టినా అభ్యంతరం లేదు. ఎవరైనా ముందు నన్నయను క్షుణ్ణంగా చదివి ఉండాలి. ఆ ఇద్దరు కవులూ చేసినది అదే.

మన విద్యార్థులకు ఒక విన్నపం. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, ముంబయిలో, తంజావూరులో, యానాంలో – మీరున్న చోట తెలుగువారు కట్టిన, కట్టించిన, నాటకాలాడిన, చదువుకున్న పాత మందిరం ఒకటైనా ఉండకపోదు. ఈ సెలవుల్లో ఒక టేపు, ఒక నోటు పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్ళండి. దాన్ని కొలవండి; ఎవరు కట్టారో, ఇటుక ఎక్కడిదో అక్కడి పెద్దవారిని అడగండి; గోడ మీద ఉప్పు పూసినచోటును గుర్తుపెట్టుకోండి. ఎవరైనా దానికి సిమెంటు పూయబోతుంటే ఒక్క మాట చెప్పండి. ఆ మాట సకాలంలో చెప్పేవారు లేకనే, నేనెరిగిన ఆ పఠనమందిరం బీరువాలో పుస్తకాలు పోయాయి.